ఒకే జాతిలోని తేడాలను కొలిచి పరిణామాన్ని చదవడం ఎలా

భూమి మీద ఇన్ని రకాల జీవులు ఎందుకున్నాయన్న ప్రశ్నకు చాలామంది జిరాఫీ మెడతోనో, కోతి నుంచి మనిషి దాకా వరుసగా నిలబెట్టిన బొమ్మతోనో జవాబు మొదలుపెడతారు. ఆ రెండింటి వల్లా విద్యార్థికి మేలుకంటే చిక్కే ఎక్కువని నా అభిప్రాయం. అవి జాతి మొత్తాన్నీ ఒక ముద్దగా చూపిస్తాయే గానీ, ఆ జాతిలో ఒక ప్రాణికీ పక్కనున్న మరో ప్రాణికీ మధ్య ఉండే చిన్న తేడాను చూపించవు. పరిణామం పనిచేసేది ఆ చిన్న తేడా మీదనే. దాన్ని ఎలా గుర్తించాలో, ఎలా కొలవాలో, తరాలు గడిచేకొద్దీ అది ఎటు కదులుతోందో ఎలా తెలుసుకోవాలో, ఏ పరిస్థితుల్లో అదే తేడా ఒక జాతిని రెండు జాతులుగా విడదీస్తుందో ఈ వ్యాసంలో వివరిస్తాను. జీవశాస్త్రం బోధించేవారిని, డిగ్రీ విద్యార్థులను, పొలాన్ని శ్రద్ధగా గమనించే అలవాటున్న రైతులను దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

ఒక జాతి, ఒక లక్షణం, ఒక చోటు

మొదట చేయవలసిన పని పరిధిని కుదించుకోవడం. "పక్షులు ఎలా పరిణామం చెందాయి" అన్న ప్రశ్నతో ఏ పరిశీలనా ముందుకు సాగదు. ఒక జాతిని, అందులో కొలవడానికి వీలైన ఒకే ఒక లక్షణాన్ని, హద్దులు తెలిసిన ఒక చోటును ఎంచుకోవాలి. దారి పక్కన, బడి ఆవరణలో, పొలం గట్టున ఎక్కడ చూసినా కనిపించే గడ్డి చామంతి ఇందుకు అనువైన మొక్క. పూల కాడ పొడవు, ఆకు వెడల్పు, ఒక్కో పువ్వు అంచున ఉండే తెల్లని రేకుల సంఖ్య వంటివి స్కేలుతోనే కొలవవచ్చు, కంటితోనే లెక్కపెట్టవచ్చు. బాగా కనిపించిన మొక్కలను ఏరుకోకుండా, ఒక తాడు పరచి దాని వెంట తగిలిన ప్రతి మొక్కనూ కొలిచినప్పుడే లెక్క నమ్మదగినదవుతుంది. వచ్చిన అంకెలన్నింటినీ నోటు పుస్తకంలో రాసుకోవాలి. సగటును మాత్రమే రాసుకుని మిగతావి వదిలేస్తే మనకు కావలసినదే పోతుంది, ఎందుకంటే పరిణామానికి ముడిసరుకు సగటు కాదు, సగటుకు అటూ ఇటూ పరచుకుని ఉన్న విస్తృతి.

తేడా వారసత్వమా, పెరిగిన చోటు ప్రభావమా

కొలిచిన తేడాలన్నీ పరిణామానికి పనికిరావు. కాలిబాట మీద పెరిగిన గడ్డి చామంతి నేలకు అంటుకుని ఉంటుంది, గోడ నీడన పెరిగినది సాగి ఉంటుంది. ఈ తేడా విత్తనంలో ఉన్నదా, లేక తొక్కిడికీ నీడకూ మొక్క చూపిన స్పందన మాత్రమేనా అన్నది తేల్చుకోకుండా అడుగు ముందుకు వేయకూడదు. తేల్చే పద్ధతి కష్టమైనదేమీ కాదు. రెండు చోట్ల నుంచీ విత్తనాలు సేకరించి, ఒకే మట్టి నింపిన కుండీలలో, ఒకే ఎండ తగిలేచోట, ఒకే కొలతతో నీళ్లు పోస్తూ పెంచాలి. పెరిగాక తేడా మాయమైతే అది చోటు ప్రభావం, నిలిచి ఉంటే అందులో వారసత్వపు పాలు ఉన్నట్టు. తల్లి మొక్క పోషణ ప్రభావం విత్తనం మీద కొంత ఉంటుంది కాబట్టి, కుండీలలో పెరిగిన మొక్కల విత్తనాలతో మరో తరం కూడా పెంచి చూడగలిగితే ఫలితం మరింత గట్టిగా ఉంటుంది. కాలిఫోర్నియాలో జెన్స్ క్లాసెన్, డేవిడ్ కెక్, విలియం హీసీ గత శతాబ్దపు తొలి అర్ధభాగంలో సముద్ర తీరానికి దగ్గరగా ఒకటి, కొండ మధ్యలో ఒకటి, శిఖరానికి చేరువలో ఒకటి చొప్పున తోటలు వేసి చేసినది ఇదే పద్ధతి. ఒకే జాతికి చెందిన కొండ మొక్కలూ తీరపు మొక్కలూ తమ తమ ఎత్తులకు తగిన లక్షణాలను వారసత్వంగానే మోస్తున్నాయని వారు ఆ తోటల ద్వారా నిరూపించారు.

ఎవరు బతికారు, ఎవరి సంతానం మిగిలింది

తేడా ఉంది, అది వారసత్వంగా వస్తోంది అని తేలాక అడగవలసిన మూడో ప్రశ్న ఇది: ఆ తేడాను బట్టి బతుకు, సంతానం మారుతున్నాయా? ప్రకృతివరణం అని మనం చెప్పుకునేది ఈ మూడింటి కలయికే. దీన్ని ఎలా పరిశీలించాలో తెలుసుకోవడానికి డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో జరిగిన పనికంటే మంచి పాఠం నాకు తెలియదు, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఈక్వెడార్ తీరానికి పడమరన సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న గాలపాగోస్ దీవులలో డాఫ్నీ మేజర్ ఒకటి. దాని వైశాల్యం చదరపు కిలోమీటరులో మూడో వంతు మాత్రమే. డార్విన్ 1835లో గాలపాగోస్‌లో 5 వారాలు గడిపి ఫించ్ పిట్టలను సేకరించి తీసుకెళ్లాడు గానీ, అవన్నీ దగ్గరి బంధువులైన వేర్వేరు జాతులని 1837లో గుర్తించి చెప్పినవాడు లండన్‌లోని పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గూల్డ్. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో అక్కడ పని ప్రారంభించి నాలుగు దశాబ్దాల పాటు కొనసాగించారు. దీవి చిన్నది, పక్షులు బయటికి పోవడం అరుదు కాబట్టి దాదాపు ప్రతి పక్షినీ పట్టి, కాలికి గుర్తు కడియాలు వేసి, ముక్కు పొడవు, వెడల్పు, మొదట్లో పై నుంచి కింది వరకు ఉన్న మందం కాలిపర్స్‌తో కొలిచి వదిలేవారు. ఏ పిల్ల ఏ గూటిదో కూడా వారి దగ్గర నమోదై ఉండేది. అందువల్ల మందపు ముక్కున్న తల్లిదండ్రుల పిల్లలకు మందపు ముక్కే వస్తుందని ముందుగానే తేల్చుకోగలిగారు.

1977లో వానలు విఫలమయ్యాయి. వానకాలం మొత్తానికి 24 మిల్లీమీటర్లే కురిసింది. మధ్యరకం నేల ఫించ్ అనే జాతి ఇష్టంగా తినే చిన్న మెత్తని గింజలు త్వరగా అయిపోయి, పెద్దవీ గట్టివీ మాత్రమే మిగిలాయి. వాటిలో ముఖ్యమైనది మన పల్లేరుకు సొంత బంధువైన, అదే ప్రజాతికి చెందిన ఒక మొక్క కాయ. పల్లేరు కాయ కాలికి గుచ్చుకున్న ఎవరికైనా దాని గట్టిదనం వేరుగా చెప్పనక్కరలేదు. ఎండిన కాయ ముళ్ల ముక్కలుగా విడిపోతుంది, గింజలు ఆ చెక్కలాంటి ముక్కల లోపల ఉంటాయి. ముక్కు మందంగా ఉన్న పక్షి దాన్ని మెలితిప్పి పగలగొట్టగలిగేది, సన్న ముక్కు పక్షి ప్రయత్నించి వదిలేసేది. కరువు ముగిసేసరికి ఆ జాతి పక్షులలో సుమారు 85 శాతం కనిపించకుండా పోయాయి. బతికిన వాటి సగటు ముక్కు మందం కరువుకు ముందున్న సగటుకంటే అర మిల్లీమీటరు స్థాయిలో పెరిగింది. ఆడపక్షుల శరీరం కాస్త చిన్నది కావడంతో అవి మరింత ఎక్కువగా చనిపోయి, మిగిలిన వాటిలో మగవే చాలా అధికంగా ఉన్నాయి. మరుసటి ఏడాది పుట్టిన పిల్లల ముక్కులు కూడా మందంగానే వచ్చాయి. బతికినవి వేరుగా ఉండటం ఒక్కటే అయితే అది వరణం మాత్రమే. వాటి పిల్లల తరం కూడా మారడంతో అది పరిణామం అయింది. చాలా వివరణలలో ఈ రెండు మెట్లూ కలిసిపోతుంటాయి కాబట్టి మీ నోటు పుస్తకంలో వాటిని వేర్వేరు పేజీలలో రాసుకోవడం మంచిది.

ఇక్కడ ఒక విషయం మీద పట్టుబట్టాలి. గట్టి గింజ తినవలసి వచ్చిందని ఏ పక్షీ తన ముక్కును మందం చేసుకోలేదు. ఒక్క పక్షి ముక్కు కూడా కరువులో పెరగలేదు. మందపు ముక్కులు కరువుకు ముందే ఆ గుంపులో ఉన్నాయి, కరువు వాటిని మిగిల్చింది. అవసరం తేడాను పుట్టించదు, ఉన్న తేడాలలో నుంచి కొన్నింటిని ముందుకు పంపుతుంది. ఉత్పరివర్తనలు, అంటే జన్యువులలో అనుకోకుండా వచ్చే మార్పులు, తల్లిదండ్రుల జన్యువుల కొత్త కలయికలు తేడాలను పుట్టిస్తాయి, అవి పుట్టేటప్పుడు రాబోయే వానాకాలం సంగతి వాటికి తెలియదు.

ఒకసారి కొలిచి ఊరుకోకూడదన్నది కూడా ఈ దీవి నేర్పే పాఠమే. 1983లో పసిఫిక్ సముద్రపు నీరు వేడెక్కే ఎల్‌నినో వల్ల అక్కడ విపరీతంగా వానలు కురిసి, చిన్న గింజల మొక్కలు దీవిని కమ్మేశాయి. ఆ తర్వాతి సంవత్సరాలలో చిన్న ముక్కు పక్షులే మెరుగ్గా బతికాయి. ఈ లోగా 1982లో పెద్ద నేల ఫించ్ అనే మరో జాతి ఆ దీవిలో స్థిరపడింది. 2004 నాటి కరువులో ఆ పెద్ద పక్షులు గట్టి కాయలను ముందే తినేయడంతో, మధ్యరకం ఫించ్‌లలో ఈసారి పెద్ద ముక్కులవే ఎక్కువగా చనిపోయి సగటు ముక్కు చిన్నదైంది. 1977లోనూ 2004లోనూ వచ్చింది కరువే, దీవి అదే, జాతి అదే, అయినా మార్పు జరిగిన దిశ ఎదురుగా ఉంది. ఆ రెండో కరువులో చావు బతుకులను నిర్ణయించిన ముక్కు పరిమాణంతో హెచ్ఎంజీఏ2 అనే జన్యువుకు గట్టి సంబంధం ఉందని 2016లో ప్రచురితమైన పరిశోధన చూపించింది. పరిణామానికి ముందే నిర్ణయించిన గమ్యం ఉందనుకునేవారికి ఈ ముప్పై ఏళ్ల కొలతల పట్టికే సరైన సమాధానం.

యాదృచ్ఛికతను కూడా లెక్కలో ఉంచండి

కనిపించిన ప్రతి లక్షణానికీ ఒక ఉపయోగం కల్పించి చెప్పడం తేలిక, కానీ అది శాస్త్రం కాదు. చిన్న గుంపులలో కేవలం యాదృచ్ఛికంగా కొన్ని జన్యు రూపాలు పెరిగిపోతాయి. దీన్ని జన్యు విస్తాపనం అంటారు. పసిఫిక్‌లోని పింగెలాప్ దీవిని 1775 ప్రాంతంలో తుఫాను నాశనం చేసినప్పుడు బతికి బయటపడినవారు సుమారు 20 మంది. వారిలో ఒకరి ద్వారా వచ్చిన జన్యువు వల్ల, రంగులు అసలే కనిపించని అరుదైన దృష్టి లోపం ఈనాటికీ ఆ దీవి జనాభాలో అసాధారణంగా ఎక్కువగా ఉంది. ఆ లోపం వల్ల ఎవరికీ మేలు జరగలేదు, బతికిన కొద్దిమందిలో అది ఉండటమే కారణం. కాబట్టి ఒక లక్షణం ఉపయోగకరమని రాసేముందు, అది లేనివాటికంటే ఉన్నవి ఎక్కువ సంతానాన్ని మిగిల్చాయని కొలతతో చూపగలమా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవాలి.

ఒక జాతి రెండుగా ఎప్పుడు విడిపోతుంది

ఇంతవరకు చెప్పినది ఒక జాతి లోపల జరిగే మార్పు. వైవిధ్యం పెరగాలంటే ఒక గుంపు రెండుగా విడిపోయి, వాటి మధ్య సంతానోత్పత్తి ఆగిపోవాలి. అందువల్ల మీ పరిశీలనలో నాలుగో ప్రశ్న ఎప్పుడూ అడ్డుగోడ గురించే ఉండాలి. సముద్రం, పర్వతం, నది వంటి భౌతికమైన అడ్డు ఉండవచ్చు. పూత కాలం వేరుకావడం, పాట వేరుకావడం, పరాగాన్ని మోసే కీటకం వేరుకావడం వంటివి కూడా అడ్డుగోడలే.

డాఫ్నీ మేజర్‌కు 1981లో ఒక కొత్త మగపక్షి వచ్చింది. అది వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎస్పన్యోలా దీవికి చెందిన ఫించ్ అని తర్వాత జన్యు పరీక్షలు తేల్చాయి. అది స్థానిక మధ్యరకం ఫించ్‌తో జతకట్టింది. ఫించ్ పిల్లలు తండ్రి పాటనే నేర్చుకుంటాయి కాబట్టి, దాని సంతానం పాట దీవిలోని మిగతా పక్షుల పాటకంటే భిన్నంగా ఉండి, ముక్కు పరిమాణం కూడా వేరుగా ఉండటంతో స్థానిక పక్షులు వాటితో జతకట్టలేదు. కొద్ది తరాలలోనే అవి తమలో తామే జతకట్టే ప్రత్యేక వంశంగా నిలిచాయి. 2017లో వెలువడిన ఈ ఫలితం చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. కొత్త వంశం పుట్టడానికి లక్షల ఏళ్లు పట్టి తీరాలన్న నియమం ఏదీ లేదని ఇంత స్పష్టంగా చూపినవి చాలా తక్కువ. ఆ వంశం దీర్ఘకాలం నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న.

పరికరాలేవీ లేకుండా అడ్డుగోడను పరిశీలించిన ఉదాహరణ మనవాళ్లదే ఒకటుంది. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ, జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర శిష్యరికం చేస్తూ, గులాబీ రంగు పూలూ నారింజ రంగు పూలూ పూసే లాంటానా పొదల ముందు కూర్చుని ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతోందో లెక్కపెట్టారు. కొన్ని జాతుల సీతాకోకచిలుకలు ఒక రంగునే, మరికొన్ని మరో రంగునే ఎక్కువగా ఎంచుకుంటున్నాయని తేలింది. ఒక రంగు పువ్వు పరాగం అదే రంగు పువ్వుకు చేరుతూ ఉంటే, పక్కపక్కనే పెరుగుతున్న పొదలు కూడా క్రమంగా రెండు వంశాలుగా విడిపోయే వీలుందని ఆయన 1960లో ప్రచురించారు. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 1964లో ఆయన మరణించాక, ఆయన కోరిక మేరకు పార్థివ దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. లాంటానా ఇప్పుడు మన అడవుల అంచులన్నింటా ఉంది. ఒక పొద దగ్గర గంట సేపు కూర్చుని, వాలిన ప్రతి సీతాకోకచిలుక పేరూ, పువ్వు రంగూ, సమయమూ రాసుకుంటే అదే ప్రశ్నను ఎవరైనా మళ్లీ అడగవచ్చు.

విడిపోయిన వంశాల బంధుత్వాన్ని వృక్షరూపంలో గీసేటప్పుడు, పోలికను బట్టి కాకుండా ఉమ్మడి పూర్వీకుడు ఎంత దగ్గరివాడన్నదాన్ని బట్టి కొమ్మలు గీయాలి. 2003లో కేరళ నుంచి శాస్త్రలోకానికి పరిచయమైన ఊదారంగు కప్పకు అతి దగ్గరి బంధువులు పశ్చిమ కనుమలలోని ఇతర కప్పలు కావు, హిందూ మహాసముద్రంలోని సేషెల్స్ దీవుల చిట్టి కప్పలు. భారత భూఖండమూ సేషెల్స్ ఒకప్పుడు కలిసి ఉండి విడిపోయాయి కాబట్టే ఈ బంధుత్వం అర్థవంతమవుతుంది. అలాగే నేటి కోతుల నుంచి మనిషి పుట్టలేదు. మనకూ వాటికీ ఉమ్మడి పూర్వీకులు ఉన్నారు, కొమ్మ చివర ఉన్న ఏ జీవీ మరో కొమ్మ చివర ఉన్నదానికి పూర్వీకుడు కాదు.

పత్తి చేలో ఇవే ప్రశ్నలు

పై నాలుగు ప్రశ్నలనూ తెలుగు పొలాలలో వేయడానికి గులాబీ రంగు పురుగుకు మించిన జీవి లేదు. నేలలోని ఒక బ్యాక్టీరియా తయారుచేసే, పురుగుల పేగును దెబ్బతీసే ప్రోటీన్‌ను మొక్కే తయారుచేసుకునేలా మార్చిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2006లో రెండు ప్రోటీన్లున్న రకం వచ్చింది. మొదటి ప్రోటీన్‌ను తట్టుకునే గులాబీ రంగు పురుగులు గుజరాత్‌లో కనిపించాయని 2010లో వెల్లడైంది. 2010ల మధ్యకల్లా రెండింటినీ తట్టుకునే పురుగులు కాయలను తొలిచాయి.

ఇక్కడ కూడా బీటీ ప్రోటీన్ పురుగును మార్చలేదు. ప్రోటీన్ తన పేగుకు అంటుకోకుండా చేసే జన్యు మార్పు ఉన్న పురుగులు కోట్ల సంఖ్యలో ఏ కొద్దిగానో ముందే ఉన్నాయి. ఈ తట్టుకునే గుణం అంతర్గతమైనది, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులు అందితేనే పురుగు బీటీ కాయ తిని బతుకుతుంది. బీటీ చేను చుట్టూ కొంత నాన్ బీటీ పత్తి వేయమని చెప్పడానికి కారణం ఇదే. నాన్ బీటీ వరుసలలో మామూలు పురుగులు పెద్ద సంఖ్యలో పెరిగి రెక్కల పురుగులవుతాయి. బీటీ చేలో బతికి బయటపడిన ఒకటీ అరా తట్టుకునే పురుగు వాటితో జతకడితే, పిల్లలకు ఒకే ప్రతి అందుతుంది, ఆ పిల్లలు బీటీ కాయ తిని చనిపోతాయి. బీటీ సంచితో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం విడిగా ఇచ్చినా చాలా చేలలో దాన్ని వేయలేదు. తనకున్న నాలుగెకరాలలో కొంత భాగాన్ని పురుగుకు వదలమంటే ఏ రైతుకైనా మనసొప్పదు. ఎందుకు వదలాలో ఈ జన్యు లెక్కతో సహా వివరించి చెప్పవలసిన బాధ్యత చెప్పినవారిదే.

శనగపచ్చ పురుగు విషయంలో అంత త్వరగా ఇలా జరగకపోవడానికి ఒక ముఖ్య కారణం అది కంది, శనగ, టమాటా వంటి అనేక పంటల మీద బతకడం. ఆ పంటలన్నీ దానికి సహజంగానే నాన్ బీటీ ఆశ్రయాలయ్యాయి. గులాబీ రంగు పురుగు ప్రధానంగా పత్తి మీదే బతుకుతుంది. దానికి తోడు ఆఖరి తీతల కోసం నీరు పెట్టి మార్చి వరకు పంట ఉంచితే అదనపు తరాలు పుడతాయి, ప్రతి తరమూ వరణానికి మరో అవకాశం. అమెరికాలో నాన్ బీటీ ఆశ్రయాలను పాటించి, తర్వాత సంతాన సామర్థ్యం లేని రెక్కల పురుగులను పెద్ద ఎత్తున వదిలి, ఈ పురుగును తమ పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించినట్టు 2018లో ప్రకటించారు. పురుగు అదే అయినా, దాని జన్యు వైవిధ్యాన్ని నడిపించిన తీరు వేరు.

పరిశీలన మొదలుపెట్టాలనుకునేవారు పూత దశలోనే చేలోకి దిగాలి. పురుగు లోపల దారంతో రేకులను కుట్టేయడం వల్ల విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలను గుడ్డిపూలు అంటారు. బీటీ వరుసలలో వంద పూలకు ఎన్ని గుడ్డిపూలున్నాయో, నాన్ బీటీ వరుసలు ఉంటే వాటిలో ఎన్ని ఉన్నాయో విడివిడిగా లెక్కపెట్టాలి. ఆడపురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టలలో రోజూ పడిన రెక్కల పురుగుల సంఖ్యను తేదీతో రాయాలి. కాయలు ఊరాక రెండు రకాల వరుసల నుంచీ పచ్చికాయలు కోసి, విప్పి, లోపలి పురుగులను లెక్కపెట్టాలి. బయటి రంధ్రం పూడిపోతుంది కాబట్టి కాయను విప్పకుండా చేసిన లెక్కకు విలువ లేదు. రెండు వరుసల అంకెల మధ్య తేడా ఒక సీజను నుంచి మరో సీజనుకు తగ్గుతూ వస్తుంటే, ఆ ఊరి పురుగులలో తట్టుకునే జన్యు రూపం పెరుగుతోందని అనుమానించడానికి అది బలమైన ఆధారం, దాన్ని వ్యవసాయ అధికారికీ దగ్గరలోని పరిశోధన కేంద్రానికీ ఆ పట్టికతో సహా అందజేయవచ్చు.